ఆశ, నిరాశ, ఉన్నమాట

వేసవికాలము. ఒక ఇంట్లో బిందె సగము నిండి ఉన్నదనుకొందాము. ఆ ఇంట్లో ముగ్గురున్నారు. ఒకరు, "ఇంకా సగము బిందె ఉన్నదిలే, ఇప్పుడేమి తొందర?" అంటారు. రెండవవారు, "సగము అప్పుడే అయిపోయినది, ఇక ఈ పూట గడిచినట్లేలే" అని పెదవి విరుస్తారు. మూడవవారు ఏమీ అనరు. కుళాయి మళ్ళీ ఎప్పుడు వస్తుందో, ఇంట్లో ఎందరు మనుషులున్నారో, సాయంత్రము చుట్టాలెవరైనా వచ్చేది ఉన్నదో లేదో ఆలోచిస్తారు. వంటకు ఇంత, త్రాగడానికి ఇంత అని తీసిపెట్టి, ఖాళీ బిందె చంకన పెట్టుకొని వీధి కుళాయి దగ్గరకు పోతారు.

పండితులు ఈ ముగ్గురికీ పెద్ద పేర్లు పెట్టినారు. మొదటివారు ఆశావాది, రెండవవారు నిరాశావాది, మూడవవారు వాస్తవికవాది. పేర్లు పెద్దవే గాని మనుషులు మాత్రము మన ఇండ్లలోని వారే. ఒక్కొక్కప్పుడు ఒకే మనిషి ప్రొద్దున ఆశావాదిగా లేచి, మధ్యాహ్నానికి నిరాశావాది అయి, రాత్రి భోజనాలవేళకు బుద్ధి తెచ్చుకోవడము కూడా కద్దు.

కొంత ఆశ, కొంత నిరాశ కలిపి వడగట్టితే వాస్తవిక దృష్టి వస్తుందని చాలామంది అనుకొంటారు. మా అభిప్రాయము అది కాదు. పైన చెప్పిన ఇంట్లోని మొదటి ఇద్దరి మాటలను మరొకసారి వినండి. "ఉన్నదిలే" అని ఒకరు, "గడిచినట్లేలే" అని మరొకరు. రెండు మాటల చివరా ఉన్నది ఒకే "లే". ఏమీ కాదులే అన్నవాడూ, ఏమి చేసినా లాభము లేదులే అన్నవాడూ చివరకు చేసే పని ఒక్కటే. చేతులు ముడుచుకొని కూర్చోవడము. గాలిలో దీపము పెట్టి దేవుడా నీ మహిమ అన్నట్లు మొదటివాడు కూర్చుంటే, నిండా మునిగినవానికి చలేమిటని రెండవవాడు కూర్చుంటాడు. మూడవవాడు వారిద్దరికీ నడుమ లేడు. అతడు లేచి నిలబడ్డవాడు. తేడా అంతా అక్కడనే ఉన్నది.

మనము చిన్నప్పుడు విన్న పంచతంత్రములోని మూడు చేపల కథ పాఠకులకు జ్ఞాపకముండే ఉంటుంది. బెస్తలు రేపు వల వేస్తారని తెలిసి అనాగతవిధాత ముందే చెరువు విడిచి పోయినది. ప్రత్యుత్పన్నమతి వలలో పడిన తరువాత చచ్చినట్లు నటించి బయటపడినది. యద్భవిష్యము మాత్రము కావలసినది కాక మానదని చెరువులోనే ఉండి ప్రాణము పోగొట్టుకొన్నది. ఆ మూడవ చేప ఆశావాదియా, నిరాశావాదియా? కథలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. అవసరము కూడా లేదు. బెస్తలు రారులే అనుకొన్నా, వచ్చితే తప్పించుకోలేములే అనుకొన్నా ఆ చేప గతి ఒకటే.

పాశ్చాత్యులలోనూ ఈ తర్జనభర్జన చాలాకాలము జరిగినది. సృష్టింపదగిన లోకాలన్నిటిలో ఇదే మేలైనదని లైబ్నిట్జు అనే జర్మను తత్త్వవేత్త వాదించినాడు. 1755 నవంబరు 1వ తేదీన, పండుగనాడు, ప్రార్థనవేళ లిస్బను నగరము భూకంపములో కూలినది. నాలుగేండ్ల తరువాత ఫ్రెంచి రచయిత వోల్టేరు "కాందీద్" అనే కథ వ్రాసి ఆ మేలైన లోకపు సిద్ధాంతమును ఎగతాళి చేసినాడు. అయితే ఆ ఎగతాళి కథ కూడా ఏడుపుతో ముగియదు. అందులోని మనుషులు ఎన్నో ఆపదలు పడి, వాదాలు చాలించి, ఒక చిన్న తోటలో పనికి దిగుతారు. సముద్రాలకావల పుట్టిన కథ సైతము చివరకు ఖాళీ బిందె చంకన పెట్టుకొన్న మనిషి దగ్గరకే వచ్చినదన్నమాట.

అయితే అంత దూరము పోవలసిన పని లేదు. మన రాయవేలూరే ఈ విషయములో ఒక పాఠశాల.

వేలూరును గురించి ఒక పాత వెక్కిరింత ఉన్నది. తమిళులూ చెబుతారు, మనవారూ చెబుతారు. నీళ్ళు లేని ఏరు, చెట్లు లేని కొండ, రాజు లేని కోట, దేవుడు లేని గుడి. ఇంకా రెండు మూడు "లేనివి" ఎవరికి తోచినట్లు వారు చేర్చుకొంటారు. పెండ్లిచూపులకు వచ్చినవారు ఈ మాట చెప్పి నవ్వడము, మన పెద్దలు తామూ నవ్వి ఊరుకోవడము తరతరాలుగా జరుగుతున్నదే. ఆ వెక్కిరింతను నిరాశావాది చదివితే అది తీర్పు. ఆశావాదికి అది వట్టి హాస్యము. మూడవవాడు చదివితే అది చేయవలసిన పనుల పట్టిక. ఒక్కొక్కటే చూద్దాము.

దేవుడు లేని గుడి అన్నమాట ఒకప్పుడు నిజమే. కోటలోని జలకంఠేశ్వరాలయము 16వ శతాబ్దపుది. విజయనగర ప్రభువుల క్రింద వేలూరు నేలిన చిన్నబొమ్మనాయకుని కాలపు కట్టడమని ప్రసిద్ధి. అప్పయ్య దీక్షితులవంటి మహాపండితుని ఆదరించినవాడు ఆ బొమ్మనాయకుడే. తరువాత యుద్ధాలు వచ్చినవి, దండయాత్రలు వచ్చినవి. మూలలింగము గుడి విడిచి పోయినది. శతాబ్దాలపాటు జనము కల్యాణమండపపు శిల్పాలను చూసి మెచ్చుకొని పోయేవారే గాని, గర్భగుడిలో దీపము పెట్టేవారు లేరు. కోట పురావస్తుశాఖవారి రక్షణలోనిది కాబట్టి పూజలకు అభ్యంతరాలు కూడా ఉండేవి.

అయితే దేవుడు ఎక్కడికి పోయినాడు? కాశికి పోలేదు, కైలాసానికీ పోలేదు. ఊరి అంచున సత్తువాచారిలోనే ఉన్నాడు. గుడిలో దేవుడు లేడని నవ్వినవారు తరతరాలవారు. దేవుడు ఎక్కడ ఉన్నాడు, అక్కడినుండి ఇక్కడికి ఎంత దూరము, దారిలో అడ్డము ఏమిటి అని అడిగినవారు కొద్దిమంది. ఆ కొద్దిమంది మూలముగా 1981 మార్చి 16న లింగము తిరిగి కోటగుడికి చేరినది. నేడు వేలూరులో పుట్టిన పిల్లలకు "దేవుడు లేని గుడి" అంటే అర్థమే కాదు. ప్రదోషమునాడు అక్కడ నిలబడడానికి చోటు దొరికితే గొప్ప.

ఇక రాజు లేని కోట. నిజానికి ఆ కోటకు రాజులు తక్కువ కాలేదు. ఏలిన రాజులున్నారు, ఖైదులో ఉన్న రాజులూ ఉన్నారు. టిప్పు సుల్తాను కుమారులను ఇంగ్లీషువారు అక్కడే ఉంచినారు. 1806 జులై 10న సిపాయిలు తిరుగబడిన తరువాత వారిని కలకత్తాకు తరలించినారు. సింహళములో కాండీ రాజ్యపు కడపటి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు ఈ కోటలోనే బందీగా ఉండి 1832లో మరణించినాడు. ఆయన సమాధి పాలారు ఒడ్డున ఉన్నది. ఇప్పుడు కోటలో రాజు లేడు. ఉండవలసిన పని కూడా లేదు. ఓటువేసి మనలను మనము పాలించుకొంటున్నాము గదా! ఉన్నమాట ఆలోచించేవాడు నేర్చుకోవలసిన రెండవ పాఠము ఇది. లేనివన్నీ లోటులు కావు. ఏది తీర్చవలసిన లోటో, ఏది పోయినందుకు సంతోషించవలసినదో విడదీసి చూడాలి. పోయినదాని కోసమల్లా ఏడ్చేవానికి కావలసినదానిని తెచ్చుకోవడానికి తీరిక చిక్కదు.

మూడవది నీళ్ళు లేని ఏరు. ఇది గుడికంటె కష్టమైన లెక్క. పాలారు నంది కొండల ప్రాంతమున పుట్టి 348 కిలోమీటర్లు పారుతుంది. అందులో 93 కర్ణాటకములో, 33 మన చిత్తూరు సీమలో, తక్కిన 222 తమిళనాడులో. మూడు రాష్ట్రాల నది కాబట్టి మూడు రాష్ట్రాల తగవు కూడా. పై ఊళ్ళవారు కట్టలు కట్టుకొన్నారు, అన్ని చోట్లా ఇసుక తోడినారు. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట చుట్టుప్రక్కల తోళ్ళు పదునుచేసే కార్ఖానాల నీరు నేలలోకి ఇంకినది. నది చెడిపోయినదిలే అని అందరూ అన్నారు. 1991లో కొందరు పౌరులు మాత్రము సుప్రీముకోర్టుకు పోయినారు. ఊరికే నిట్టూర్చుతూ పోలేదు, లెక్క పట్టుకొని పోయినారు. కార్ఖానాల ప్రాంతములో సుమారు 35,000 హెక్టార్ల సాగునేల కొంతగానో, పూర్తిగానో పాడైనదని వేలూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రమువారు చూపిన అంచనా కోర్టు ముందుకు వచ్చినది. 1996 ఆగస్టు 28న వచ్చిన తీర్పు ఈనాటికీ దేశమంతటా న్యాయశాస్త్ర విద్యార్థులు చదివే తీర్పు. పాడు చేసినవాడే పరిహారము చెల్లించాలి, ముప్పు రాకముందే జాగ్రత్త పడాలి అనే రెండు సూత్రాలు మన దేశపు చట్టములో భాగమని అందులో చెప్పినారు. దానితో పాలారు ఒక్కనాటికి తెల్లబడలేదు. ఆ పని ఇంకా మిగిలియే ఉన్నది. కాని నిట్టూర్పు కోర్టు గడప ఎక్కలేదు, లెక్క ఎక్కినది.

పాలారు ఉపనదులలో నాగనది ఒకటి. వేలూరు, తిరువణ్ణామలై జిల్లాల నది. అది కూడా ఎండి చాలా ఏండ్లయినది. అక్కడి పల్లెల ఆడవారు ఉపాధి హామీ కూలికి పోతూ నది గర్భములో ఇంకుడు బావులు త్రవ్వినారు, వాగులకు అడ్డముగా రాళ్ళకట్టలు పేర్చినారు. వాన నీరు పరుగెత్తి పోతే నేలకు దక్కదు. రాళ్ళు దానిని నిదానము చేస్తాయి, బావులు దానిని అడుగుకు చేర్చుతాయి. ఉన్న సూత్రము ఇంతే. వేలమంది చేతులు కలిసి కొన్నేండ్లు ఆ పని చేసినందున చుట్టుప్రక్కల బావులలో నీరు మళ్ళీ కనబడినది. 2021 సెప్టెంబరులో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగములో ఈ స్త్రీల పనిని దేశమునకు చెప్పినారు. ఆ త్రవ్విన తల్లులను ఎవరైనా, "అమ్మా, మీరు ఆశావాదులా?" అని అడిగి ఉంటే, గంప దించి నవ్వి, "ప్రక్కకు జరుగు నాయనా, రాయి మీద పడుతుంది" అని ఉందురు.

ఇప్పుడు గుడియాత్తానికి పోదాము. అక్కడ ఇదే కథ తలక్రిందులుగా కనబడుతుంది.

పలమనేరు అడవుల వైపునుండి వచ్చే కౌండిన్య మహానది గుడియాత్తము నడుమగా పారి పాలారులో కలుస్తుంది. పారడము అన్నది మాటవరుసకు. ఎన్నో ఏండ్లు అది ఇసుకే. నీళ్ళు లేని ఏరు అన్న నిరాశ పాతబడి పాతబడి ఒక విచిత్రమైన ఆశగా మారినది. ఇక ఈ ఏటికి నీరు రాదులే అని, ఒడ్డునా గర్భములోనూ జనము ఇండ్లు వేసుకొన్నారు. ఇల్లు లేని పేదవాడు వేసుకొన్న గుడిసెను మేము తప్పు పట్టము. చోటు చూపించవలసినవారు చూపించనిదే ఆ గతి పట్టినది. కాని ఏరు మన సామెతలు వినదు. 2021 నవంబరు వానలకు పైనున్న మోర్దానా జలాశయము నిండి పొంగినది. కౌండిన్య రెండు ఒడ్లు ఒరసి వచ్చినది. ఒడ్డున ఉన్నవారు పిల్లలను, మూటలను ఎత్తుకొని బడులకు, మండపాలకు చేరవలసి వచ్చినది. పాలారు కూడా ఆ నెలలో పెద్దలు ఏనాడో చూసినంతగా పారినది. చరిత్ర తెలిసినవారికి ఇందులో వింత లేదు. 1903 నవంబరులో ఈ పాలారే వాణియంబాడిని ముంచి ఎందరినో పొట్టన పెట్టుకొన్నది.

నీరు రాదులే అన్నది నిరాశావాది మాట. ఇల్లు మునగదులే అన్నది ఆశావాది మాట. ఏటిలో ఇల్లు కట్టడానికి ఆ రెండు మాటలూ కలిసి కావలసి వచ్చినవి. ఈ రెండు గుణాలు ఒకదానికొకటి విరోధులని మనము భ్రమపడతాము గాని, అవి ఒకే ఇంటిలో కాపురముండే అక్కచెల్లెండ్రు. ఏరు ఎండుతుంది, పొంగుతుంది కూడా. రెండింటికీ సిద్ధముగా ఉండడమే ఉన్నమాట.

గుడియాత్తమువారికి ఈ సంగతి మేము కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ కౌండిన్య ఒడ్డుననే, గోపాలపురములో గంగమ్మ గుడి ఉన్నది. ఏటా వైశాఖములో, తమిళుల వైకాసి మొదటి తేదీన, తరణంపేట ముత్యాలమ్మ గుడినుండి అమ్మవారి శిరసు ఊరేగింపుగా బయలుదేరి అక్కడికి చేరుతుంది. చుట్టుప్రక్కల ఊళ్ళేగాక చిత్తూరు సీమనుండి కూడా జనము తండోపతండాలుగా వస్తారు. జమదగ్ని ఆజ్ఞపై పరశురాముడు తల్లి రేణుక తల నరికిన కథ అది. ఈ ఉత్సవము తల తెగలేదని బుకాయించదు. తెగిన తలను నడివీధిలో, అందరి కన్నుల ఎదుట, నెత్తిన పెట్టుకొని తీసుకొనిపోతుంది. తెగినది, ఇక ఇంతేనని ఏడ్చి కూర్చోదు కూడా. గుడికి చేర్చి మొండెమునకు కలుపుతుంది. మన పెద్దలకు వాస్తవికవాదమనే పదము తెలియకపోవచ్చును గాని ఈ క్రమము తెలుసు. తెగినది తెగినదని ముందు ఒప్పుకోవాలి. తరువాతనే అతకాలి.

ఆ ఊరి నేతవారికి ఈ క్రమము చేతివ్రేళ్ళలోనే ఉన్నది. గుడియాత్తము లుంగీ ఎంత పేరుపొందినదో అందరూ ఎరుగుదురు. మగ్గము ముందు కూర్చున్నవాడు ఈనాడు పోగు తెగదులే అనుకోడు. పోగులు ఎట్లాగూ తెగుతాయని పడుగు చుట్టి అటకమీద వేయడు. తెగినప్పుడు మగ్గము ఆపుతాడు, తెగిన కొనలు వెదకి ముడివేస్తాడు, మళ్ళీ నేస్తాడు. నూలు ధర పెరిగినప్పుడు, మరమగ్గాల పోటీ వచ్చినప్పుడు మాత్రము ఆ ముడి ఒక్కడు వేయగలిగేది కాదు. అప్పుడు నలుగురు కూడి లెక్క వేయవలసి ఉంటుంది. ఒక్కని ఓర్పుతో తీరే కష్టమేదో, పదిమంది కలిస్తేగాని తీరనిదేదో విడదీయడము కూడా ఉన్నమాటలో భాగమే.

వేలూరు పేరు దేశమంతటా తెలిసినది కోటవల్ల కాదు, క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రివల్ల. ఆశ, నిరాశ రెండూ దినదినము వరండాలో ప్రక్కప్రక్కన కూర్చుండే చోటు అది. దాని పుట్టుకయే మన విషయానికి తగిన ఉదాహరణ. రాణిపేటలో 1870లో పుట్టిన ఐడా స్కడ్డర్ మిషనరీ వైద్యుల వంశములోని పిల్ల. ఈ దేశములో ఉండకూడదనుకొని అమెరికాలో చదువుకొన్నది. తల్లికి జబ్బుగా ఉన్నదని దిండివనము వచ్చినప్పుడు ఒక రాత్రి ముగ్గురు మగవారు ఒకరి వెనుక ఒకరు వచ్చి, ప్రసవవేదన పడుతున్న తమ భార్యలను కాపాడమన్నారు. తన తండ్రి డాక్టరని ఆమె చెప్పినది. మగ డాక్టరు చూడరాదని ముగ్గురూ వెళ్ళిపోయినారు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ పోయినారు.

ఆ ఉదయము ఆమె, దేవుడు చూసుకొంటాడులే అని అనలేదు. ఈ దేశము ఇంతేలే అని ఓడ ఎక్కి ఊరుకోనూ లేదు. ఇక్కడ లేనిదేమిటి? ఆడ డాక్టరు. అయితే నేను డాక్టరునవుతాను అన్నది. చదివి వచ్చి 1900లో వేలూరులో ఒకే ఒక మంచముతో వైద్యము మొదలుపెట్టినది. 1902లో ఆసుపత్రి లేచినది. తానొక్కతే ఎంతమందిని చూడగలదు? కాబట్టి ఇక్కడి ఆడపిల్లలకే వైద్యము నేర్పాలనుకొన్నది. చదవడానికి ముగ్గురు వచ్చినా గొప్పే అన్నారు తెలిసినవారు. 1918లో వైద్యపాఠశాల తెరిస్తే 151 మంది దరఖాస్తులు పెట్టినారు. తెలిసినవారి నిరాశ కూడా లెక్క చూడని నిరాశయే అని తేలిపోయినది. ఆమె 1960లో కన్నుమూసేనాటికి ఆ ఒక్క మంచము ఎంత పెద్ద సంస్థ అయినదో మనము ఎరుగనిది కాదు.

అక్కడనే పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు కుష్ఠురోగుల చేతులను చూసినాడు. ఆ రోగము వ్రేళ్ళను తినివేస్తుందని లోకమంతా నమ్మిన కాలమది. అంతకంటె నిరాశ ఏముంటుంది? ఆయన దగ్గర కూర్చుండి చేతులు పట్టుకొని పరీక్షించినాడు. తినేది రోగము కాదు, స్పర్శ పోయిన చేయి కాలినా తెగినా తెలియక పుండ్లుపడి పోతున్నదని కనిపెట్టినాడు. వంగిపోయిన వ్రేళ్ళను శస్త్రచికిత్సతో చక్కచేయడము వేలూరులో 1948 ప్రాంతములో మొదలైనది. దినమూ చేతులు, కాళ్ళు పరీక్షించుకోవడము, మెత్తని చెప్పులు తొడుక్కోవడము, వేడిగిన్నె పట్టుకొనేటప్పుడు గుడ్డ వాడడము వంటి చిన్న పనులే ఎందరి వ్రేళ్ళనో నిలిపినవి. నిరాశ దూరమునుండి చూసినది. ఆయన దగ్గరనుండి చూసినాడు.

అదే ఆసుపత్రిలో మేరీ వర్గీసు అనే యువవైద్యురాలు 1954లో మోటారు ప్రమాదములో నడుము క్రింద చచ్చుబడిపోయినది. మళ్ళీ నడుస్తావులే అని ఎవరైనా అని ఉంటే అది అబద్ధము. నీ పని అయిపోయినది అన్నా అబద్ధమే. కాళ్ళు పోయినవి, చేతులున్నవి. కుష్ఠురోగుల చేతులకు చేసే శస్త్రచికిత్స కూర్చుండి చేయవచ్చును. ఆమె చక్రాల కుర్చీలోనుండి ఆ చికిత్సలు చేసినది. తరువాత న్యూయార్కులో శిక్షణ పొంది వచ్చి, తనవలె అవయవాలు చచ్చుబడినవారిని తిరిగి జీవితానికి అలవరచే శాఖను వేలూరులో నడిపినది. 1966లో బాగాయములో అందుకై ప్రత్యేక సంస్థ ఏర్పడినది. 1972లో ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చినది. ఏమి పోయినదో, ఏమి మిగిలినదో ఆమె ఒక్క అణువైనా కలపకుండా, తీయకుండా లెక్క చూసుకొన్నది. మిగిలినదాని మీద ఇల్లు కట్టినది.

ఈ సంగతి మనకు ప్రత్యేకముగా ఎందుకు కావాలంటే, వేలూరులో ఉన్న తెలుగు కుటుంబానికి ఆసుపత్రికి వచ్చే చుట్టము తప్పదు. నెల్లూరు నుండి మేనత్త, మదనపల్లె నుండి వేలువిడిచిన మేనమామ, ఎవరో ఒకరు ఫైలు చేత పట్టుకొని మన గుమ్మములో దిగుతారు. అప్పుడు మనము ఏమి మాట్లాడుతున్నాము? "ఏమీ కాదులే అత్తా, ఇక్కడికి వస్తే అన్నీ నయమవుతాయి" అని ఒకరము. వంటింట్లో గొంతు తగ్గించి, "ఇంత ముదిరిన తరువాత తెచ్చినారు, ఇక కష్టమేలే" అని మరొకరము. రెండూ ఆమెకు పనికిరావు. ఆమెకు కావలసినవి వేరు. డాక్టరును అడగవలసిన నాలుగు ప్రశ్నలు కాగితము మీద వ్రాసి ఇవ్వడము. తమిళము రాని చోట ప్రక్కన నిలబడి మాట అందించడము. ఎన్ని దినాలు పడుతుంది, ఎంత సొమ్ము కావాలి, రాత్రి ఎవరు తోడుంటారు అని కూర్చుండి లెక్క వేయడము. వేడిగా ఇంత చారన్నము పంపడము. వ్యాధి నిజముగానే ముదిరినదని డాక్టరు చెప్పినప్పుడు ఆ మాటను దాచి ఆమె చేత బూటకపు నవ్వులు నవ్వించడము కంటె, చేయి పట్టుకొని, "చెప్పినది విన్నాము, ఇక ఏమి చేయగలమో చూద్దాము, మేమున్నాము" అనడము మేలు. నిజము చెప్పడానికి కఠినముగా ఉండనక్కరలేదు.

ఆశ లేనిదే మనిషి బ్రతుకుతాడా అని కొందరు అడుగవచ్చును. బ్రతకడు. ఆశను విడువమని మేము చెప్పలేదు. ఆశ వేరు, ఆశావాదము వేరు. అంతా బాగుంటుందని జోస్యము చెప్పేది ఆశావాదము. బాగుపడేటట్లు చేయడానికి కాలు కదిపించేది ఆశ. నాగనదిలో రాళ్ళు మోసిన తల్లులకు ఆశ ఉన్నది. జోస్యము లేదు.

చివరగా మన ఇంటి సంగతి. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజు శాసనసభకు ఎన్నికైనది మన గుడియాత్తము ఉపఎన్నికలోనే. పేదపిల్లలు బడికి రాకపోతే, వీరికి చదువు మీద ఆసక్తి లేదులే అని ఆయన ఊరుకోలేదు. వారికి ఏమి లేదో చూసినాడు. కడుపుకు అన్నము లేదు. మధ్యాహ్న భోజనము పెట్టించినాడు. పిల్లలు వచ్చినారు. పిల్లల చదువు విషయములో మనము అడుగవలసిన ప్రశ్న కూడా అదే. మన పిల్లలకు ఏమి లేదు?

తెలుగు అక్షరము లేదు. 2006 నాటి చట్టము ప్రకారము తమిళనాడు బడులలో తమిళము అందరూ చదువవలసినదే. చదవనీయండి, ఉన్న ఊరి భాష రావడము మంచిదే. మన పెద్దలు రెండు భాషలలోనూ దిట్టలుగానే ఉండేవారు. కాని బడిలో తెలుగు చదివే అవకాశము తగ్గినది. మన సంఘములో ఈ మాట ఎత్తితే ఆశావాదులు, "ఇంట్లో మాట్లాడుతున్నాము గదా, కోట్లమంది భాష, 2008లో ప్రాచీనభాష హోదా కూడా వచ్చినది, తెలుగు ఎక్కడికి పోతుందిలే" అంటారు. నిరాశావాదులు, "మనతోనే సరిలే, మనుమలకు ఎవరు నేర్పుతారు" అంటారు. రెండు చోట్లా మళ్ళీ అదే "లే".

ఒక కాగితము తీసుకొనండి. ఇంట్లో అందరి పేర్లూ వ్రాయండి. ఒక్కొక్క పేరుకు ఎదురుగా మూడు గళ్ళు గీయండి. తెలుగు మాట్లాడగలరా, చదువగలరా, వ్రాయగలరా? ఈ పత్రికను మీ ఇంట్లో ఎందరు చదువగలరో అప్పుడు తెలుస్తుంది. చాలా ఇండ్లలో మొదటి గడి నిండి, తక్కిన రెండు గళ్ళు పెద్దవారి పేర్ల దగ్గర ఆగిపోతాయని మా అనుమానము. ఆ కాగితము చూసి దుఃఖించవద్దు, మడిచి దాచవద్దు. తెలుగు అక్షరమాల 56 అక్షరాలు. దినమునకు రెండు చొప్పున నేర్పితే 28 దినాలు. మరొక రెండు నెలలు గుణింతాలకు, ఒత్తులకు వేయండి. రాత్రి భోజనానికి ముందు పావుగంట చాలు. తాత చెప్పవచ్చును, అవ్వ చెప్పవచ్చును, అక్షరాలు వచ్చిన అక్క తమ్మునికి చెప్పవచ్చును. మూడు నెలల తరువాత పిల్లవాడు ఈ పత్రికలో ఒక పేరా తడుముకొంటూ చదివి వినిపిస్తే, అప్పుడు రెండవ గడిలో ఒక గీత గీయండి.

ఎంతమందికి వస్తుంది, ఎన్ని తరాలు నిలుస్తుంది అని ఈ రాత్రి తేల్చనక్కరలేదు. అ, ఆ అనే రెండు అక్షరాలతో మొదలుపెట్టవచ్చును.